సంతకం పెట్టనంటే తప్పా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ఒక పాప ఉంది, ఇప్పుడు ఎనిమిదో నెల. మొదటిది సిజేరియన్, ఇదీ సిజేరియనే అన్నారు. ‘ఎలాగూ పొట్ట కోస్తారుగా, పనిలో పనిగా పిల్లల ఆపరేషన్ కూడా చేయించేద్దాం’ అని అత్తయ్య, మా ఆయన తేల్చేశారు. నాకేమో ఇప్పుడే వద్దనిపిస్తోంది. మీరు చేయించుకోవచ్చుగా అంటే, బరువులెత్తే పని నాది, నీరసం వస్తుంది అంటారు. సంతకం పెట్టనంటే తప్పా?
– ఒక పాఠకురాలు, పల్నాడు జిల్లా

జవాబు: తప్పేం కాదండీ. ఆ కాగితం మీద మీ సంతకం ఉంటేనే చెల్లుతుంది, మీవారి సంతకం అసలు అక్కర్లేదు, నిబంధనలే అలా ఉన్నాయి. కాకపోతే తీరా ఆపరేషన్ థియేటర్‌కి తీసుకెళ్లే హడావుడిలో ఎవరో కాగితం ముందుపెట్టి ‘ఇక్కడ పెట్టమ్మా’ అంటే కాదనడం కష్టం, అందుకే ఈసారి చెకప్‌లోనే డాక్టరుకి చెప్పి కేసు షీటులో రాయించండి. ఇంకో కాన్పు మీ ఆరోగ్యానికి మంచిది కాదని డాక్టరు అంటే అది వేరే మాట, కారణం అడిగి తెలుసుకోండి. ఆపరేషన్ వద్దనుకుంటే సిజేరియన్ సమయంలోనే కాపర్‌టి వేయించుకోవచ్చు, కావాలనుకున్నప్పుడు తీసేస్తారు.

ఇక మీవారి నీరసం సంగతి. వేసెక్టమీకి, అంటే మగవాళ్లకి చేసే ఆపరేషన్‌కి, పొట్ట కోయరు, మత్తు కూడా అక్కడివరకే, అదే రోజు ఇంటికి పంపేస్తారు. కొన్నాళ్లు బరువులు ఎత్తకూడదు, అంతే. మూడు నెలలు కండోమ్ వాడి, తర్వాత వీర్యపరీక్ష చేయించుకోవాలి. అయినా మన దగ్గర కత్తి ఆడవాళ్ల మీదే పడుతుంది: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే ఆంధ్రలో పెళ్లయిన ప్రతి వందమంది ఆడవాళ్లలో దాదాపు 70 మందికి కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ అయిపోయింది, మగవాళ్ల వాటా ఒక శాతం కూడా లేదు. కు.ని. క్యాంపులు ఆపమని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది, అయినా 2022 ఆగస్టులో తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేస్తే నలుగురు తల్లులు చనిపోయారు.

ఇన్నేళ్లూ ఇద్దరు పిల్లలు దాటితే పంచాయతీ ఎన్నికల్లో పోటీకి వీల్లేదన్న మన రాష్ట్ర ప్రభుత్వమే 2024లో ఆ నిబంధన ఎత్తేసి, ఇప్పుడు ఎక్కువమందిని కనమంటోంది. ఆపమన్నప్పుడు మిమ్మల్ని అడగలేదు, కనమన్నప్పుడూ అడగలేదు! 1994లో చికాగోలో కొందరు నల్లజాతి స్త్రీలు ‘పునరుత్పత్తి న్యాయం’ అన్నది సరిగ్గా ఇందుకే. గర్భస్రావం హక్కొక్కటే చాలదు, వద్దనుకుంటే కనకుండా ఉండే హక్కు, కావాలంటే కనే హక్కు, కన్నవాళ్లని భద్రంగా పెంచుకునే హక్కు మూడూ కావాలన్నారు. మీరడిగే ‘ఇప్పుడే వద్దు’ కూడా అందులోదే.

అత్తయ్యగారితో వాదన పెట్టుకోకండి, ఆవిడ కాలంలో ఆవిణ్ణీ ఎవరూ అడిగి ఉండరు. మీవారిని మాత్రం వచ్చే చెకప్‌కి వెంట తీసుకెళ్లి, ఆ నీరసం డౌటేదో డాక్టరునే అడగమనండి.