‘అయస్కాంత ద్రావణం’ అని రాయవచ్చా?

సందేహం: “మైలుతుత్తం నీళ్లలో కరిగిస్తే అయస్కాంత ద్రావణం తయారవుతుంది” అని ఒక సైన్సు వ్యాసంలో చదివాను. ఈ వాడుక సరైనదేనా?

సమాధానం: సమాసంగా తప్పు లేదు, చిక్కంతా అర్థంలోనే. ‘అయస్కాంత క్షేత్రం’ అంటే అయస్కాంతపు క్షేత్రం, షష్ఠీ తత్పురుషం. ‘అయస్కాంత సూచి’ అంటే తానే అయస్కాంతమైన సూచి. ద్రావణం ముందు ఈ మాట పెడితే ఎవరైనా రెండో అర్థమే తీసుకుంటారు, ఆ సీసా పక్కన గుండుసూదులు పెడితే వచ్చి అంటుకుంటాయనుకుంటారు. అలా ఏమీ జరగదు.

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, నీళ్లలో రాగి అయాన్లుగా, సల్ఫేట్ అయాన్లుగా విడిపోతుంది. ఒక్కో రాగి అయాన్‌లో జతకూడని ఎలక్ట్రాన్ ఒకటి ఉంటుంది కాబట్టి అది బలమైన అయస్కాంతం వైపు కొద్దిగా మొగ్గుతుంది, అయస్కాంతాన్ని తీసేస్తే ఆ మొగ్గూ పోతుంది. పాఠ్యపుస్తకాల్లో దీన్నే పారా అయస్కాంతత్వం అంటారు. సల్ఫేట్‌కు ఇందులో పాత్ర లేదు, అందుకే గుణాన్ని లవణానికి కాక రాగి అయాన్లకు చెప్పడం మేలు. పైగా నీళ్లు డయా అయస్కాంత పదార్థం, అయస్కాంతం వాటిని స్వల్పంగా నెడుతుంది. ద్రావణం బాగా పలచనైతే నీళ్లదే పైచేయి, మొత్తమ్మీద వికర్షణే మిగులుతుంది! కాబట్టి ‘పారా అయస్కాంత ద్రావణం’ అని రాయాలన్నా ఎంత గాఢతలో అన్నది చూసుకోవాలి. “పారా అయస్కాంత అయాన్లున్న ద్రావణం” అంటే ఏ గాఢతలోనైనా చెల్లుతుంది, కాస్త పొడుగైనా నేను దానికే ఓటేస్తాను.

క్రియ దగ్గర కూడా జాగ్రత్త. “ద్రావణం ఆకర్షిస్తుంది” అని చాలామంది రాస్తున్నారు, లాగేది అయస్కాంతమైతే కర్తృత్వం ద్రావణానికి ఎందుకు? “ఆకర్షణకు లోనవుతుంది” అనండి. చుట్టూ ఏముందో కూడా చెప్పండి, ఎందుకంటే ఇనుప లవణం పలచటి ద్రావణాన్ని గాజు గొట్టంలో పోసి అదే లవణం చిక్కటి ద్రావణంలో వేలాడదీస్తే, అయస్కాంతం దాన్ని నెడుతున్నట్టే కనిపిస్తుంది. 1845లో డయా అయస్కాంతత్వాన్ని కనుగొన్న మైకేల్ ఫారడే ఇలాంటి ప్రయోగాలు చేసి చూశాడు.

ఇక “ఇనుము ఉంది కాబట్టి ఆకర్షణకు లోనవుతుంది” లాంటి వాక్యాల్లో ఆ ‘కాబట్టి’ నిలవదు. అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్‌లోని ఇనుప అయాన్‌కు జతకూడని ఎలక్ట్రాన్లు నాలుగుంటాయి, దాని విషయంలో మాట నిజమే. పొటాషియం ఫెర్రోసయనైడ్‌లోనూ ఇనుమే ఉంది, కానీ అక్కడ ఎలక్ట్రాన్లన్నీ జతకూడి ఉంటాయి, అది డయా అయస్కాంతమే. “జతకూడని ఎలక్ట్రాన్లున్నాయి కాబట్టి” అని రాస్తే కారణం సరిపోతుంది.