కంపైల్ అయినంత మాత్రాన ఎక్స్‌ఎమ్ఎల్ బాగున్నట్టు కాదు

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన సీ షార్ప్ కోడ్ చూశాను. ఎక్స్‌ఎమ్ఎల్ (డేటాను ట్యాగుల మధ్య రాసే పద్ధతి) ఫైల్‌ని స్ట్రింగ్‌గా, అంటే వట్టి అక్షరాల వరుసగా చదివి, రీప్లేస్ కొట్టి, మళ్లీ రాసేస్తున్నావు. ఎవరైనా పేరులో ‘&’ పెట్టేదాకా అది నడుస్తుంది. ఆ గుర్తును ఎస్కేప్ చెయ్యకుండా, అంటే ‘&’ అని మార్చకుండా రాశావంటే ఆ ఫైల్‌ని ఏ పార్సరూ (ఫైల్‌ని చదివి అర్థం చేసుకునే ప్రోగ్రామ్) ఒప్పుకోదు. తప్పుల హెచ్‌టీఎమ్ఎల్‌తో బ్రౌజర్లు సర్దుకుపోతాయి గానీ, 1998లో ఎక్స్‌ఎమ్ఎల్ ప్రమాణం వచ్చినప్పటి నుంచీ ఇక్కడ ఆ మొహమాటం లేదు.

ఎక్స్‌ఎమ్ఎల్ చదవడానికి, రాయడానికి డాట్‌నెట్‌లో ఉన్న ఎక్స్‌డాక్యుమెంట్ క్లాస్ వాడు, ఎస్కేపింగ్ అదే చూసుకుంటుంది. పాత ప్రాజెక్టులో అదే పని చేసే పాత క్లాస్ ఎక్స్‌ఎమ్ఎల్‌డాక్యుమెంట్ ఉంటే ఉండనీ, దాన్ని మార్చడానికి పనిగట్టుకుని కూర్చోకు.

తప్పులుంటే కంపైలర్ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చేది) పట్టుకుంటుందిగా అన్న ధీమా మాత్రం వదిలెయ్. ఎలిమెంట్ (ట్యాగుతో మొదలై ట్యాగుతో ముగిసే భాగం) పేరు దానికి వట్టి స్ట్రింగ్, ఫైల్లో ఏముందో దానికి తెలీదు. అందరికీ టెన్షన్ పెట్టే నేమ్‌స్పేస్ (ఒకే పేరున్న ఎలిమెంట్లు కలగాపులగం కాకుండా పెట్టే గుర్తింపు) సంగతే చూడు. ‘ఐటమ్’ ఎలిమెంట్ ఫైల్లో కళ్లెదుటే ఉంటుంది, ఆ పేరుతో వెతికితే ఒక్కటీ దొరకదు. ఎర్రరైనా రాదు, అదీ బాధ. అప్పుడు రూట్ ఎలిమెంట్, అంటే అన్నిటికన్నా బయటిది చూడు. అక్కడ ‘ఎక్స్‌ఎమ్ఎల్‌ఎన్ఎస్’ అని ఉంటే, లోపల ప్రిఫిక్స్ (పేరు ముందు కోలన్‌తో వచ్చే గుర్తు) లేని ఎలిమెంట్లన్నీ మామూలుగా ఆ నేమ్‌స్పేస్‌వే. దాని విలువను ఎక్స్‌నేమ్‌స్పేస్ వేరియబుల్లో పెట్టుకుని, ప్లస్‌తో పేరు కలిపి వెతుకు. కొత్త ఎలిమెంట్ చేర్చేటప్పుడూ అంతే. మర్చిపోయావో, సేవ్ అయ్యాక దాని పక్కన ఖాళీ ‘ఎక్స్‌ఎమ్ఎల్‌ఎన్ఎస్’ ప్రత్యక్షమవుతుంది. ప్రిఫిక్స్ లేని అట్రిబ్యూట్లకు (ట్యాగ్ లోపల రాసే పేరు-విలువ జతలు) ఈ గొడవ లేదు, అవి ఏ నేమ్‌స్పేస్‌లోనూ ఉండవు.

లోపల వేరే ఎలిమెంట్లున్న దానికి ‘వాల్యూ’ సెట్ చేస్తే అవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఫర్‌ఈచ్‌లో పిల్ల ఎలిమెంట్లను తిరుగుతూ ఒక్కొక్కటే ‘రిమూవ్’ చేస్తే, మొదటిది పోగానే లూప్ చప్పుడు చెయ్యకుండా ఆగిపోతుంది. ముందు ‘టూలిస్ట్’ పెట్టి, ఆ లిస్ట్ మీద తిరుగు. ఈ రెండు తప్పులూ శుభ్రంగా కంపైల్ అవుతాయి!

ఇక సేవ్. మామూలుగా లోడ్ చేసి సేవ్ చేస్తే ఎక్స్‌డాక్యుమెంట్ ఖాళీలన్నీ తనకు నచ్చినట్టు సర్దేస్తుంది. నువ్వు మార్చింది ఒక్క లైనే అయినా, డిఫ్‌లో (పాత ఫైల్‌కీ కొత్తదానికీ తేడా చూపేది) ఫైలంతా మారినట్టు కనిపించొచ్చు. రివ్యూ చేసేవాళ్లు నిన్ను తిట్టుకోకుండా ఉండాలంటే లోడ్‌లో ‘ప్రిజర్వ్‌వైట్‌స్పేస్’, సేవ్‌లో ‘డిజేబుల్‌ఫార్మాటింగ్’ ఇవ్వు. స్ట్రింగ్‌రైటర్‌లోకి (ఫైల్‌కి బదులు స్ట్రింగ్‌లోకి రాసే క్లాస్) మాత్రం సేవ్ చెయ్యకు, పైన మొదటి లైన్లో వచ్చే డిక్లరేషన్‌లో అక్షరాల ఎన్‌కోడింగ్ ‘యూటీఎఫ్-16’ అని పడుతుంది. దాన్ని యూటీఎఫ్-8 ఫైల్లో రాస్తే అవతలి పార్సర్ మొరాయించొచ్చు.

ముందు టెంపరరీ ఫైల్లోకి సేవ్ చేసి, దాన్ని మళ్లీ లోడ్ చేసి చూసి, అప్పుడు ‘ఫైల్.రీప్లేస్’‌తో అసలు దాని స్థానంలో పెట్టు. మధ్యలో ప్రోగ్రామ్ క్రాష్ అయినా పాతది భద్రంగా ఉంటుంది. ఇలా మార్చాక కోడ్ కాదు, ఈసారి డిఫ్ పంపు. చూస్తాను.

మామయ్య