డెంటిస్ట్‌గా నిలదొక్కుకోవాలంటే ఏ గుణాలు ఉండాలి? చేతులు వణికితే కష్టమా?

"మా చెల్లికి బీడీఎస్ సీటు వచ్చింది, టెన్షన్ పడితే చేతులు కాస్త వణుకుతాయి, ఈ వృత్తిలో నిలదొక్కుకోగలదా, అసలు ఎలాంటి గుణాలు ఉండాలి" అని అడిగారు. మాది హిందూపురం దగ్గర పల్లె. 2013 నుంచి బెంగళూరులో ఇదే పని, ఇప్పుడు మారతహళ్ళి వైపు చిన్న క్లినిక్ ఉంది. ముందు చేతుల సంగతి చెప్పేస్తాను, ఎందుకంటే మీరు భయపడుతున్నంత ఏమీ లేదు అందులో.

ఫస్టియర్లో మైనం దిమ్మల మీద పళ్ళు చెక్కిస్తారు. నేను చెక్కిన పై దవడ మోలార్‌ని (వెనక ఉండే నమిలే పన్ను) మా మేడమ్ అటూ ఇటూ తిప్పి చూసి "ఇది పన్నా, పకోడీనా?" అన్నారు. క్లాసంతా నవ్వారు, నేను హాస్టల్‌కి వెళ్ళి ఏడ్చాను. అదే చేత్తో ఇవాళ రోజూ రూట్ కెనాళ్ళు చేస్తున్నా. కొత్తలో చెయ్యి వణికేది ఎక్కువగా దాన్ని గాల్లో ఉంచడం వల్ల. ఉంగరపు వేలిని పక్క పన్ను మీద ఆనించి పని చేయడం నేర్పుతారు, ఫింగర్ రెస్ట్ అంటాం, అది అలవాటైతే చాలామందికి వణుకు పోతుంది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా వణుకుతుంటే మాత్రం ఒకసారి డాక్టర్‌కి చూపించండి, అది వేరే సంగతి.

నన్నడిగితే ఈ పనికి చేతికంటే ముందు చెవి కావాలి.

మన భాషలో పంటి నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఎప్పుడైనా గమనించారా? చల్లనీళ్ళు తాగితే జివ్వుమని వెంటనే పోతోంది అంటే ఎనామెల్, అంటే పంటి గట్టి పైపొర అరిగిందా, చిగురు దిగిపోయి వేరు బయటపడిందా అని చూస్తాను. రాత్రి పడుకుంటే సలుపుతోంది, వేడి టీ తగిలితే ఇంకా ఎక్కువ, చన్నీళ్ళు పుక్కిట పట్టుకుంటేనే కాస్త హాయి అన్నారంటే లోపలి నరం పని అయిపోయిందని సగం తెలిసిపోతుంది. పన్ను పైకి లేచినట్టుంది, నోరు మూస్తే ముందు అదే తగులుతోంది అంటే చాలాసార్లు వేరు చివర చీము. ఇవన్నీ పుస్తకంలోనూ ఉంటాయి, కాకపోతే పుస్తకంలో ఇంగ్లీషులో ఉంటాయి, మదనపల్లె నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దాయన సలుపు అనే అంటాడు, ఆ మాటని పట్టుకోవాలి.

అలాంటి ఒక పెద్దాయనే "సెనగలు నమిలితే ఏం లేదమ్మా, నమిలి వదిలేటప్పుడు కలుక్కుమంటాది" అన్నాడు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. సెన్సిటివిటీ అనుకుని పేస్టు రాసిచ్చి పంపేశాను. మళ్ళీ వచ్చి అదే మాట, అదే "వదిలేటప్పుడు" అన్నాడు. అప్పుడు వెలిగింది. కొరికినప్పుడు కాదు, వదిలినప్పుడు నొప్పి అంటే పన్ను పగిలిందేమో చూడాలి, సన్నటి పగులు ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. ఒక్కో మూల కాటన్ రోల్ పెట్టి కొరికించి చూస్తే దొరికింది, క్యాప్ వేశాను. ఆయన మొదటి రోజే రోగం పేరు తప్ప అంతా చెప్పాడు. నేనే సగం విని సరిపెట్టుకున్నాను.

వినడమంటే ఆగడం కూడా. బెంగళూరులో కుర్చీ ఎక్కిన ప్రతి మనిషికీ నేను మొదట చెప్పేది "నోవాద్రె కై ఎత్తి", నొప్పయితే చెయ్యెత్తండి అని, తెలుగువాళ్ళకి తెలుగులో. చెప్పడం తేలికే. వాళ్ళు చెయ్యెత్తినప్పుడు, బయట ఇంకో నలుగురు కూర్చుని ఉన్నప్పుడు, ఇంకొక్క నిమిషంలో అయిపోతుంది అనిపించినప్పుడు నిజంగా మెషిన్ ఆపడం ఉంది చూశారా, అది కష్టం. కింది దవడ పళ్ళలో నరం బాగా వాచి ఉంటే ఇంజెక్షన్ సరిగ్గా ఇచ్చినా, పెదవి మొద్దుబారినా, పన్ను మొద్దుబారకపోవచ్చు. "ఇంజెక్షన్ ఇచ్చాను కదా, నొప్పి ఎందుకుంటుంది?" అని నేనూ ఒకరిద్దరి మీద విసుక్కున్నాను కొత్తలో. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

తర్వాతది, చెప్పడం. ఇది ఇంకా కష్టం. ప్రాక్టీసు మొదలైన రెండో ఏడు ఒకావిడ కింది మోలార్‌లో ఫైల్ విరిగింది. ఫైలంటే వేరు లోపల కాలువని శుభ్రం చేసే సన్నటి లోహపు పుల్ల, వంకర కాలువల్లో ఎంత జాగ్రత్తగా ఉన్నా ఒక్కోసారి విరుగుతుంది. మూడు మిల్లీమీటర్ల ముక్క లోపల ఉండిపోయింది. ఆవిడకి తెలియదు, పైన సిమెంట్ పెట్టేస్తే ఎప్పటికీ తెలియకపోవచ్చు కూడా. నా మనసులో ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. పక్క గదిలో సీనియర్‌ని పిలిస్తే ఆయన ఎక్స్‌రే చూసి, "ముందు ఆవిడకి చూపించు, తర్వాత నాకు" అన్నారు. చూపించాను. వాళ్ళాయన అరిచాడు. డబ్బు తీసుకోకుండా ఎండోడాంటిస్ట్ (రూట్ కెనాల్ స్పెషలిస్ట్) దగ్గరికి పంపాను, ఆయన ఆ ముక్క పక్కనుంచి దారి చేసుకుని పని పూర్తి చేశారు. ఆవిడ మళ్ళీ మా దగ్గరికి రాలేదు, నిజం చెప్పానని మెచ్చుకున్నదీ లేదు. కాకపోతే అప్పటినుంచి రూట్ కెనాల్ మొదలుపెట్టే ముందే ఇలా జరగొచ్చని చెప్పి సంతకం తీసుకుంటున్నాను, ఆ రాత్రి పట్టనట్టు నిద్ర పట్టకపోవడం మళ్ళీ ఎప్పుడూ లేదు.

"చెయ్యక్కర్లేదు" అని చెప్పడం కూడా ఇందులోకే వస్తుంది. అంతకుముందు పనిచేసిన ఒక చోట (పేరు వద్దు) నెలకి ఇన్ని క్యాపులు, ఇన్ని రూట్ కెనాళ్ళు అని టార్గెట్ ఉండేది. చిన్న పుచ్చుకి ఫిల్లింగ్ చాలు అని రాస్తే మర్నాడు పిలిచి అడిగేవాళ్ళు. ఎనిమిది నెలలు ఉండి వచ్చేశాను. అక్కడే ఒక నల్గొండ అబ్బాయిని చూశాను, పెళ్ళిచూపులున్నాయని పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు పోగొట్టమని వచ్చాడు, అప్పటికే వేరేచోట రెండుసార్లు క్లీనింగ్ చేయించుకున్నాడట. అది పాచి కాదు, ఫ్లోరోసిస్. చిన్నప్పుడు దవడలో పన్ను తయారవుతున్నప్పుడే తాగిన నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చిన మచ్చ, క్లీనింగ్‌తో పోదు. "మీదే ఊరు?" అని అడిగితే చాలు, సగం విషయం అక్కడే తెలుస్తుంది. నల్గొండ, ప్రకాశం, మా అనంతపురం వైపు, ఇటు కోలారు, ఈ ఊళ్ళ పేర్లు వింటే నీళ్ళ గురించి అడగాలి. పళ్ళు సరిగ్గా తోముకోవా అని ఆ అబ్బాయిని జీవితమంతా అడుగుతూనే ఉన్నారట.

నవ్వకుండా ఉండటం కూడా ఒక గుణమే. పై పన్ను పీకితే కళ్ళు పోతాయని నమ్మేవాళ్ళు నెలకి ఇద్దరైనా వస్తారు. పంటి నరం వేరు, చూపు నరం వేరు అని బొమ్మ గీసి చెబుతాను, నేను పీకిన పళ్ళ లెక్కన అయితే సగం మారతహళ్ళికి చూపు ఉండకూడదు అని కూడా అంటాను, అయితే వాళ్ళు నవ్వాకే.

పిల్లల సంగతికొస్తే, నోట్లో ఉమ్మి పీల్చే సక్షన్ గొట్టాన్ని ఏనుగు తొండం అనగలిగితే సగం పని అయినట్టే. ఒంటి సంగతి మాత్రం మొదటి రోజు నుంచీ పట్టించుకోమనండి: పై పళ్ళని అద్దంలో చూసి పని చేయడం విసుగని చాలామంది మెడ వంచి నేరుగా చూస్తారు, ముప్పై ఏళ్ళకే ఫిజియోథెరపీకి తిరుగుతారు. నేనూ తిరిగాను. డబ్బు గురించి అడగలేదు గానీ చెబుతున్నా, నా మొదటి జీతం పీజీ అద్దె, మెస్సు బిల్లు పోగా ఇంటికి పంపడానికేమీ మిగల్లేదు, సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులతో పోల్చుకుంటే మొదటి నాలుగైదేళ్ళు మనసు చివుక్కుమంటుంది. ఓర్చుకోవాలి.

కాలేజీ తెరిచేలోపు ఖాళీగా ఉంటే ఒక పని చెప్పండి. బట్టల సబ్బు ఒకటి తీసుకుని, చిన్న చాకుతో, ఉంగరపు వేలు సబ్బు అంచున ఆనించి, అద్దంలో తన పన్ను చూసుకుంటూ చెక్కమనండి. మొదటి పది పకోడీలే వస్తాయి. ఆ తురుము పారేయొద్దు, బట్టలకి పనికొస్తుంది.