ఎవరూ చూడని పనిలో దేవుని సేవ: ఆసుపత్రి స్టెరిలైజేషన్ గది నుంచి ఒక జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తున్నారు. లెక్కల్లో ఒక్క రూపాయి తేడా రానివ్వరు. మీ తర్వాత చేరినవారికి పదోన్నతి వచ్చింది, మీకు రాలేదు. సంఘంలో చెప్పుకుంటే "ప్రభువు చూస్తున్నాడు కదా, మనుషుల మెప్పు ఎందుకు" అన్నారు. ఆ మాట విశ్వాసమా, లేక మన నోరు మూయించడానికి వాడే మాటా అని అడిగారు. రోజువారీ ఉద్యోగంలో దేవుణ్ణి సేవించడమంటే అసలు ఏమి చేయడమో చెప్పమన్నారు.

నేను పాస్టర్‌ను కాను, వేదాంతం చదువుకోలేదు. ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ పరికరాలను కడిగి, ఆవిరితో క్రిమిరహితం చేసి, తిరిగి థియేటర్‌కు పంపే గదిలో పనిచేస్తాను. డిశ్చార్జి రోజున రోగి బంధువులు డాక్టరు గారికి చేతులెత్తి దండం పెడతారు, వార్డు సిస్టర్లకు స్వీటు డబ్బా ఇస్తారు. మా గది ఒకటి ఉందనే వారికి తెలియదు. మా పని సరిగ్గా జరిగితే ఏమీ జరగదు. కుట్లు చీము పట్టవు, జ్వరం రాదు, బాలింత వేళకు ఇంటికి వెళ్తుంది. జరగని కీడుకు కృతజ్ఞత చెప్పే అలవాటు లోకంలో లేదు. మీ లెక్కలు సరిపోయిన నెలలో కూడా మీ టేబుల్ దగ్గరికి ఎవరూ రారు కదా, తేడా వచ్చిన నెలలోనే వస్తారు. అందుకే మీ ప్రశ్న నాకు దగ్గరగా అనిపించింది.

ముందు పని గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే ఈ విషయంలో నేను నేర్చుకున్నది ప్రసంగాల్లో కంటే సింకు దగ్గరే ఎక్కువ.

ఆర్టరీ ఫోర్సెప్స్ అని ఒక పరికరం ఉంటుంది. చూడడానికి కత్తెరలా ఉంటుంది, తెగిన రక్తనాళాన్ని పట్టి బిగిస్తుంది. దాని రెండు భాగాలు కలిసే చోట కీలు ఉంటుంది. రక్తం ఆ కీలులోకి దిగి ఎండిపోతుంది. మూసి చూస్తే పరికరం తళతళలాడుతుంది. తెరిచి, దీపం కింద భూతద్దంతో చూస్తే లోపల సన్నటి గోధుమరంగు గీత కనిపిస్తుంది. ఆ గీత ఉన్నంతవరకు ఆవిరిని నమ్మడానికి లేదు, ఎండిన రక్తం అడ్డుపడి లోపలి క్రిములను కాపాడుతుంది. అందుకే ఎంజైమ్ కలిపిన నీళ్లలో నానబెట్టి, నీళ్ల కిందే సన్నటి బ్రష్షుతో కీలును తోమాలి. నీళ్ల పైన తోమితే తుంపరలు మన ముఖం మీదికే వస్తాయి. తర్వాత కడగాలి, ఆరబెట్టాలి, మళ్లీ దీపం కింద చూడాలి. పెద్ద ఆపరేషన్ సెట్టులో ఇలాంటివి పదుల సంఖ్యలో ఉంటాయి. అన్నింటినీ తెరిచి చూశానా, పైపైన కడిగి సర్దేశానా అన్నది సెట్టు కట్టేసిన తర్వాత నాకు తప్ప ఎవరికీ తెలియదు.

కట్టిన సెట్టును ఆటోక్లేవ్‌లో, అంటే ఒత్తిడితో ఆవిరి పట్టించే యంత్రంలో పెడతాము. మామూలు యంత్రమైతే చుట్టిన సెట్లకు 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు 30 నిమిషాలు, గాలిని ముందే లాగేసే రకమైతే 134 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు. సెట్టు పైన అంటించిన టేపు మీద చారలు ఆ వేడికి నల్లబడతాయి. థియేటర్‌లో అందరూ చూసేది ఆ నల్ల చారలనే. అయితే ఆ చారలు చెప్పేది ఒక్కటే, ఈ మూట యంత్రంలోకి వెళ్లి వచ్చిందని. లోపలి పరికరం శుభ్రంగా ఉందో లేదో అవి చెప్పలేవు. లోపల పెట్టే ఇండికేటర్ కాగితాలు, వేడికి తట్టుకునే బాక్టీరియా బీజాలతో చేసే పరీక్షలు వేరే ఉన్నాయి. అవి కూడా ఆవిరి సరిగ్గా పనిచేసిందా అనే చెబుతాయి గాని, కీలులో గీతను నేను వదిలేశానా అని చెప్పవు.

ఇంకొకటి, అన్నిటికంటే కష్టమైనది. కొన్నిసార్లు యంత్రం తెరిచేసరికి మూట తడిగా ఉంటుంది. తడి ఉన్న గుడ్డలోంచి బయటి క్రిములు లోపలికి చేరగలవు, కాబట్టి తడిసిన మూటను క్రిమిరహితం కానట్టే లెక్క కట్టి, విప్పి, మళ్లీ మొదటి నుంచి చేయాలి. కానీ ఆ తడి కాసేపటికి ఆరిపోతుంది. ఆరిన తర్వాత అది తడిసిన మూట అని చెప్పే ఆనవాలు ఏదీ మిగలదు. టేపు మీద చారలు నల్లగానే ఉంటాయి, తేదీ ఉంటుంది, నా సంతకం ఉంటుంది. అదే సమయంలో థియేటర్ నుంచి ఫోను వస్తుంది: "అక్కా, సెట్టు ఇంకా రాలేదు, సార్ కోప్పడుతున్నారు."

దేవుణ్ణి సేవించడం నా ఉద్యోగంలో ఎక్కడ ఉందని ఎవరైనా అడిగితే నేను ఆ కొద్ది నిమిషాలనే చూపిస్తాను. ఆసుపత్రి ప్రార్థనా మందిరంలో కాదు, గోడ మీద వేలాడే వాక్యంలో కాదు. తడి మూట చేతిలో ఉన్నప్పుడు "ఇంకొంచెం ఆలస్యం అవుతుంది సిస్టర్, ఈ మూట తడిసింది" అని చెప్పి, తిట్లు పడి, మళ్లీ విప్పడంలో ఉంది. ఇలాంటి రోజుల్లో నాకు దక్కేది మెప్పు కాదు, మాట. ఆలస్యం చేసే మనిషి అనే పేరు కూడా వచ్చింది. ఆ పేరు నన్ను బాధపెట్టింది, ఇప్పటికీ పెడుతుంది.

బైబిల్లో అపొస్తలుడు పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో, మీరేమి చేసినా మనుషుల కోసం కాక ప్రభువు కోసం చేస్తున్నట్టు మనస్ఫూర్తిగా చేయమనే మాట మనమంతా విన్నదే. క్యాలెండర్ల మీద కూడా అచ్చు వేస్తారు. అది ఎవరితో అన్న మాటో ముందు వచనం చూస్తే తెలుస్తుంది. దాసులతో అన్నది. పదోన్నతి లేని, జీతం లేని, పేరు కూడా యజమాని పెట్టిన మనుషులతో. వాళ్లకు పౌలు చెప్పినది, యజమాని కంటికి కనబడడం కోసం పని చేయకండి అని. యజమాని చూస్తున్నప్పుడు ఒకలా, చూడనప్పుడు ఒకలా ఉండకండి అని. ఆ వచనం పెద్ద హోదాలో ఉన్నవారి ప్రసంగాల్లో కంటే మా గదిలో నాకు బాగా అర్థమైంది.

పదిహేడో శతాబ్దంలో పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అనే సన్యాసి ఉండేవారు, కార్మెలైట్ అనే కాథలిక్ సన్యాస సంఘానికి చెందినవారు. యౌవనంలో సైనికుడు, యుద్ధంలో గాయపడ్డారు. 1640లో మఠంలో చేరితే వంటశాల అప్పగించారు. ఆ పని ఆయనకు స్వభావరీత్యా ఇష్టం లేదు. అయినా ఏళ్ల తరబడి వంటశాలలోనే, తర్వాత కాలు బాగాలేక కూర్చుని చేసే చెప్పుల మరమ్మతు పనిలో ఉన్నారు. గిన్నెల చప్పుడు మధ్య కూడా మోకాళ్ల మీద ఉన్నప్పటిలాగే దేవునితో ఉండడం ఆయన సాధన చేసింది. ఆయన ఉత్తరాలు, ఆయనతో జరిగిన సంభాషణలు పుస్తకంగా వచ్చింది 1691లో ఆయన పోయిన తర్వాతే. నాకు ఆయనలో నచ్చేది, వంటపని తనకు ఇష్టమని నటించకపోవడం. పని ఇష్టం లేకపోయినా దేవుని కోసం చేయవచ్చు. "సేవ అనుకుంటే అలసట ఉండదు" అనే వారి మాట నేను నమ్మను. రాత్రి డ్యూటీ తర్వాత నడుము నొప్పి పుడుతుంది, ప్రార్థన చేసినా పుడుతుంది.

నేను చేసే ప్రార్థన కూడా చిన్నది. సెట్టు మీద పేరు రాస్తాము కదా, సిజేరియన్ సెట్టు, హెర్నియా సెట్టు అని. అది రాసేటప్పుడు, "ప్రభువా, దీన్ని వాడబోయే మనిషిని కాపాడు" అనుకుంటాను. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు, ఏ మతమో, ఏ ఊరో తెలియదు. పుట్టబోయే బిడ్డకు ఇంకా పేరే లేదు. నన్ను ఎవరు చూస్తున్నారు అనే ఆలోచన నుంచి ఇది ఎవరికి చేరుతుంది అనే ఆలోచనకు నన్ను మళ్లించింది ఈ అలవాటే. మీ విషయంలో అది ఫీజు రాయితీ కోసం ఎదురుచూసే విద్యార్థి కావచ్చు, నెలాఖరుకు జీతం పడాలని చూసే అటెండరు కావచ్చు. లెక్క వెనక ఉన్న మనిషిని తలచుకోండి.

మన సంఘాల గురించి కూడా ఒక మాట చెప్పాలి. పరిచర్య అంటే మైకు పట్టుకోవడం, పాటలు పాడటం, సువార్త కూడికలకు వెళ్లడం అనే అభిప్రాయం మనలో బలంగా ఉంది. ఉద్యోగం కానుక వేయడానికి డబ్బు తెచ్చే మార్గమే తప్ప దానికదే సేవ కాదన్నట్టు మాట్లాడతారు. నిర్గమకాండము 31 చదవండి. దేవుని ఆత్మతో నింపబడ్డాడని అక్కడ చెప్పింది యాజకుణ్ణి గురించి కాదు, బెసలేలు అనే పనివాణ్ణి గురించి. బంగారం, వెండి, ఇత్తడి పని, రత్నాలు చెక్కే పని, కొయ్య పని చేసేవాడు. అతనికి తోడు అహోలీయాబు. చేతిపనికి ఆత్మ నింపుదల అవసరమని దేవుడే అనుకున్నప్పుడు, లెడ్జర్ రాయడానికి అక్కరలేదని మనం ఎలా అంటాము?

ఇక మీ ప్రశ్నలోని ముల్లు దగ్గరికి వస్తాను. ప్రభువు చూస్తున్నాడు కాబట్టి అడగకూడదా? అడగాలి. మెప్పు వేరు, న్యాయం వేరు. ఈ రెంటినీ కలిపేసి, హక్కు అడిగినవారిని గర్విష్ఠులని అనడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. దాసులకు చెప్పిన పౌలే అదే కొలొస్సయుల పత్రిక నాలుగో అధ్యాయం మొదటి వచనంలో యజమానులకు చెబుతాడు, న్యాయంగా ధర్మంగా ఇవ్వండి, మీకూ పరలోకంలో యజమాని ఉన్నాడని. యాకోబు పత్రిక ఐదో అధ్యాయంలో కోతపనివారికి బిగబట్టిన కూలి కేకలు వేస్తోందని ఉంది. దేవుడు వినే కేకను మనం ఎందుకు అణచుకోవాలి?

గతంలో నేను పనిచేసిన ఒక చోట రాత్రి డ్యూటీ భత్యం మిగతా విభాగాలన్నిటికీ ఇచ్చి మా గదికి ఇచ్చేవారు కాదు. మేమంతా కలిసి అర్జీ రాశాము. నాతోపాటు ప్రార్థనకు వచ్చే ఒక పెద్దావిడ "నీకెందుకమ్మా, పైన జమ అవుతుంది" అని నన్ను ఆపబోయారు. ఆవిడ మంచి మనసుతోనే అన్నారు. కానీ ఆ డబ్బు నా ఒక్కదానిది కాదు, మాతో గిన్నెలు మోసే సహాయకులదీ, వాళ్ల పిల్లల స్కూలు ఫీజుదీ. నేను వదులుకోవడం త్యాగం అనిపించుకోవచ్చు, వాళ్లది నేను వదులుకోవడం ఏమవుతుంది? అర్జీ ఇచ్చాము, కోపం లేకుండా, తేదీలతో సహా రాశాము. చాలా నెలలు తిప్పి చివరికి ఇచ్చారు. ఇవ్వకపోయి ఉంటే కూడా నేను కీలు తెరిచి చూడడం మానేదాన్ని కాను. భత్యం ఆసుపత్రికీ నాకూ మధ్య ఉన్న సంగతి, కీలు ఆ రోగికీ నాకూ దేవునికీ మధ్య ఉన్న సంగతి.

గుర్తింపు చెడ్డదని కూడా బైబిలు అనదు. రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయం అంతా పేర్లే. త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు ప్రభువు పనిలో ప్రయాసపడ్డారని పౌలు పేరు పేరునా రాశాడు. ఆ పత్రికను పౌలు చెబుతుంటే చేత్తో రాసిన తెర్తియు కూడా ఒక్క వాక్యంలో వందనాలు చెప్పుకున్నాడు, పౌలు కొట్టేయలేదు. తన కోసం పేరు వెతుక్కోవద్దు, ఎదుటివారి పేరు మాత్రం మరచిపోవద్దు అని నేను తీసుకున్నాను. మాకు ఉతికిన గుడ్డలు తెచ్చే లాండ్రీ అబ్బాయికి, చిరుగులు లేకుండా చూసి ఏరి తెచ్చినందుకు, అతని పైఅధికారి ముందే థ్యాంక్స్ చెబుతాను. మీకు ఎవరైనా మెచ్చుకోలు ఇస్తే "అబ్బే, నేనేమి చేశానండీ" అని తోసేయకండి. సంతోషంగా తీసుకుని పనిలోకి వెళ్లండి.

మీ తర్వాత చేరి పైకి వెళ్లినవారి మీద అసూయ వస్తోందని కూడా రాశారు. వస్తుంది. అది వచ్చినప్పుడు వారి పేరు పెట్టి ప్రార్థించడం తప్ప నాకు వేరే మందు తెలియదు. మొదట్లో ఆ మాటలు గొంతులోంచి రావు, అయినా అనండి. వారి పొరపాటు మీ లెక్కల్లో కనిపిస్తే నేరుగా వారికే చెప్పండి, పైవారికి చెప్పి పేరు తెచ్చుకోవడానికి వాడుకోకండి. అదే ఈ పరీక్షలో అసలు ప్రశ్న అని నాకు అనిపిస్తుంది.

ఇక ఈ నెల చేయవలసింది. మీరు చూసే పనులు, చేరిన తేదీ, ఆడిట్‌లో మీ లెక్కలకు వచ్చిన వ్యాఖ్యలు ఒక పేజీలో రాసి, పదోన్నతికి ప్రమాణాలేమిటో తెలపమని ప్రిన్సిపాల్ గారికి ఉత్తరం ఇవ్వండి. ఒక ప్రతి మీద వారి ఆఫీసు ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి. జవాబులో న్యాయమైన కారణం ఉంటే ఒప్పుకోండి. కారణం చెప్పకుండా తిప్పుతుంటే, వేరే చోట ఉద్యోగం చూసుకోవడం అవిశ్వాసం కాదు. వెళ్లేలోపు మాత్రం తర్వాత వచ్చేవారికి అర్థమయ్యేలా పుస్తకాలు సరిచేసి, తాళాలు, పాస్‌వర్డులు అప్పగించి, రసీదు తీసుకుని వెళ్లండి.