ఇసుక ఏమందో రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం అంది మూడు వారాలైంది. కంటికి శుక్లాల ఆపరేషన్ అవడంతో జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ‘ప్రపంచాన్ని అబ్బురపరిచిన పది మహా నిర్మాణాలు’ రెండుసార్లు చదివాను. ఒకసారి నీ మీద అభిమానంతో, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని. అంకెలకి వంక పెట్టలేను. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లే. చైనా త్రీ గోర్జెస్ డ్యామ్ విద్యుత్ సామర్థ్యం 22,500 మెగావాట్లే. కాశ్మీరుకి రైలు వెళ్లే చీనాబ్ వంతెన నది మీద 359 మీటర్ల ఎత్తునే ఉంది. అయినా నిజం చెప్పొద్దూ, నాలుగో నిర్మాణం దగ్గరికొచ్చేసరికి నాకు కునుకు పట్టింది. పెళ్లి విస్తట్లో ముప్ఫై రకాలు వడ్డిస్తే, ఇంటికొచ్చాక పప్పు ఎలా ఉందని అడిగితే ఎవరూ చెప్పలేరు. నీ పదీ అలాగే అయ్యాయి.

ముందు తొమ్మిది కొట్టెయ్. ఒకటి ఉంచుకో. ఏది ఉంచుకోవాలో నేను చెప్పను. ఎటు నుంచి చూడాలో మాత్రం చెప్తాను. ఎంత పెద్ద కట్టడమైనా అందరూ తలెత్తి చూస్తారు. నువ్వు తల దించి చూడు. అక్కడి నేల కట్టేవాళ్లకి ఏదో ఒక పేచీ పెట్టే ఉంటుంది. ఆ పేచీ ఏమిటో, వాళ్లు దాన్ని ఎలా తీర్చుకున్నారో తెలిసేదాకా కలం ముట్టుకోకు.

మన ధవళేశ్వరం ఆనకట్టే చూడు. దాని గురించి రాసేవాళ్లు చాలామంది గుర్రం మీది కాటన్ దొర విగ్రహం దగ్గరే ఆగిపోతారు. 1847లో మొదలైంది, 1852లో పూర్తయింది, డెల్టా పచ్చబడింది, దొరకి దండం. అంతే. అసలు చిక్కు గోదారి అడుగున ఉంది. అక్కడ రాతి పునాది అందదు, తవ్వినకొద్దీ ఇసుకే. ఇసుక మీద గోడ లేపితే మొదటి వరదే గోడ కింద కోసుకుపోతుంది. దీనికి మందు కాటన్ ఇంగ్లండు నుంచి తేలేదు. అంతకుముందు ఆయన తమిళనాట కావేరి, దాని పాయ కొల్లిడం మీద పనిచేశాడు. అక్కడ చోళుల నాటి రాతి ఆనకట్ట కల్లణై ఉంది. ఇసుకలో రాళ్లు వెయ్యడం, అవి దిగబడితే వాటి మీద ఇంకా వెయ్యడం, ఇక దిగబడనన్నప్పుడు కట్టుకుంటూ పోవడం. లోతు తెలియని వదులు ఇసుకలో పునాది నిలబెట్టడం ఈ దేశపు పాత పనివాళ్ల దగ్గరే నేర్చుకున్నామని ఆ తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ధవళేశ్వరంలో చేసిందీ అదే. ఇసుకలోకి దింపిన బావుల మీద గోడ కట్టి, దిగువన ఏటవాలుగా బండరాళ్లు పరిచారు. వరద ఇసుకని కోస్తే రాయే జారి ఆ గుంతలో కూర్చుంటుంది. వరద తీశాక పైన మళ్లీ రాళ్లు పోస్తారు. నదితో గెలుపు ఓటముల్లేవు, ఏటేటా కాపరం చెయ్యడమే.

ఇంకొకటి. ఆ పని ఒక్క మనిషిది కాదు. మధ్యలో కాటన్ జబ్బుపడి సెలవు మీద వెళ్తే కెప్టెన్ ఆర్ (Orr) అనే ఆయన నడిపించాడు. కూలీలని కూడగట్టడం దగ్గర్నుంచి కాటన్‌కి కుడిభుజంగా నిలిచింది మన వీణం వీరన్న. ఇప్పుడు అక్కడ ఉన్నది ఆ ఆనకట్టకి బదులు కట్టిన కొత్త బరాజ్. బరాజ్‌కి కాటన్ పేరుంది. వీరన్న పేరు నీ తరంలో ఎంతమందికి తెలుసో నువ్వే అడిగి చూడు.

ధవళేశ్వరం అయిన ఇరవై ఏళ్లకి, 1872లో, న్యూయార్కులో ఇంకో ఇంజనీరు ముందుకి ఇదే ఇసుక వచ్చింది. బ్రూక్లిన్ వంతెన. తండ్రి జాన్ రోబ్లింగ్ పని మొదలవకముందే 1869లో ధనుర్వాతంతో పోయాడు. కొడుకు వాషింగ్టన్ రోబ్లింగ్ భుజానికెత్తుకున్నాడు. నదిలో వంతెనని మోసే గోపురం కట్టాలంటే కింద నేల దొరకాలి. అందుకని చెక్క దూలాలతో ఇంటింత పెట్టెని బోర్లించి నీళ్లలోకి దింపారు. నీళ్లు చొరబడకుండా లోపలికి గాలిని ఒత్తిడితో పంపేవారు. మనుషులు లోపల నిలబడి అడుగున మట్టి తవ్వుతుంటే, పైన గోపురం రాయి మీద రాయి పెరుగుతూ ఆ బరువుకి పెట్టె కిందికి దిగుతుండేది. నువ్వు నీ వ్యాసంలో దీన్ని ‘అధునాతన సాంకేతికత’ అని రెండు మాటల్లో తేల్చేశావు. ఆ పెట్టెలోకి ఒక్కసారి దిగి చూడు. ఆ ఒత్తిట్లో గొంతు సన్నగా, కీచుగా వినపడేది. ఈల వేద్దామన్నా పలికేది కాదు. కొవ్వొత్తి ఊదితే ఆరి, మళ్లీ దానంతటదే అంటుకునేది. ఈ కొవ్వొత్తి ఒక్కటి చాలు, చదివేవాడు పెట్టెలోకి దిగిపోతాడు. ఇక అధునాతనం ఎందుకు?

పైకొచ్చాక కీళ్లు పీక్కుపోయేవి, కాళ్లు పడిపోయేవి. ఒత్తిడిలోంచి తొందరగా బయటికొస్తే ఒంట్లో కరిగిన గాలి బుడగలు కడుతుందని అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలీదు. మన్‌హాటన్ వైపు పెట్టె 78 అడుగులు దిగింది. రాయి ఇంకా కిందుంది. వారాల తేడాతో పనివాళ్లు చచ్చిపోతున్నారు. అప్పుడు రోబ్లింగ్ ఆపేశాడు. ఆ ఇసుక అనాదిగా కదలకుండా గట్టిపడింది, ఇది మొయ్యగలదు అని తీర్మానించి గోపురాన్ని ఇసుక మీదే నిలబెట్టాడు. ఆ నిర్ణయం తీసుకున్నవాడి ఒళ్లు కూడా అదే జబ్బుతో కుప్పకూలింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆయన ఇంట్లోంచి చెప్తుంటే, ఆయన భార్య ఎమిలీ లెక్కలు నేర్చుకుని పనికీ ఇంటికీ మధ్య తిరిగింది. 1883లో వంతెన తెరిచారు. ఆ గోపురం ఇవాళ్టికీ ఇసుక మీదే ఉంది. ఇక్కడ గోదారి, అక్కడ ఈస్ట్ రివర్. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి నువ్వొక వ్యాసం రాస్తే నేను నిద్రపోను.

నేల అన్నిచోట్లా ఇసుకంత మంచిది కాదు. పనామా కాలువ తవ్వినచోట బంకమన్ను. కులెబ్రా దగ్గర కొండని నిలువునా చీల్చాలి. తవ్వినకొద్దీ రెండు పక్కలా గట్లు జారి మళ్లీ పూడుకునేది, పట్టాలూ యంత్రాలూ మట్టి కిందికి పోయేవి. ఒక్కోసారి గట్ల బరువుకి కాలువ అడుగే పైకి ఉబికేది. గట్టు నిలవాలంటే దాన్ని ఇంకా ఏటవాలుగా పడుకోబెట్టాలి, పడుకోబెట్టాలంటే ఇంకా తవ్వాలి. సముద్రమట్టానికి కాలువ తవ్వుతామని 1881లో దిగిన ఫ్రెంచివాళ్లు 1889కి చేతులెత్తేశారు. తర్వాత అమెరికన్లు తవ్వకం తగ్గించుకోవడానికి ఓడనే లాకులతో 26 మీటర్లు పైకెత్తే పద్ధతికి మారారు. అయినా కొండ ఊరుకోలేదు. 1913లో కూడా కాలువకి అడ్డంగా జారితే, నీళ్లు వదిలి, నీటి అడుగు మట్టి తీసే డ్రెడ్జర్లతో తోడారు. 1914 ఆగస్టు 15న ఓడ దాటింది. ఇది నీ వ్యాసంలో ఉంది. లేనిది చెప్తాను. అమెరికన్ల కాలంలో లెక్కకెక్కిన చావులు 5,609. ఎక్కువమంది బార్బడోస్ లాంటి కరీబియన్ దీవుల నుంచి వచ్చిన నల్లజాతి కూలీలు. తెల్లవాళ్లకి జీతం బంగారు నాణేల్లో, వీళ్లకి వెండి నాణేల్లో. పోస్టాఫీసులో కిటికీలు కూడా వేరువేరు. ఫ్రెంచివాళ్ల కాలంలో పోయినవాళ్లు ఇరవై వేలు దాటతారని అంచనా. ఈ సంగతులు చివరి పేరాలో ‘మరోవైపు’ అని మొదలుపెట్టి రాయొద్దు. మట్టి జారినచోటే రాయి. వాళ్లు ఆ మట్టిలోనే ఉన్నారు.

నేనూ మొదట్లో నీలాగే రాసినవాణ్ణే. ముప్ఫై ఏళ్ల వయసులో నాగార్జునసాగర్ మీద పదహారు పేజీలు రాసి ఒక పత్రికకి పంపాను. ‘ఆధునిక దేవాలయం’ అని నాలుగుసార్లు వాడాను. ఎడిటరు మార్జిన్లో ఒకే ప్రశ్న రాసి తిప్పి పంపాడు: ‘రాయి పైకెలా వెళ్లింది?’ నా దగ్గర జవాబు లేదు. ఒళ్లు మండింది. వారం తర్వాత మాచర్ల బస్సెక్కాను.

అక్కడ ఒక ముసలమ్మ దొరికింది. పడుచుతనంలో డ్యామ్ పనికి గమేళాతో మాలు మోసిందట. సిమెంటుకీ ఉక్కుకీ పెద్ద యంత్రాలకీ పెట్టేంత విదేశీ మారకం లేని రోజులు. ఉన్నది రాయీ మనుషులూ. అందుకే 124 మీటర్ల ఎత్తు రాతికట్టడం చేతుల మీద లేచింది. ఇదంతా నాకు పుస్తకాల్లో తెలుసు. ఆవిడకి తెలిసింది వేరు. తువాలు మెలితిప్పి చుట్టకుదురు చేసి, ఖాళీ బిందె నెత్తిన పెట్టుకుని, వాళ్ల అరుగు మెట్లు ఎక్కి చూపించింది. పాదం నిలువుగా వెయ్యలేదు, కాస్త అడ్డంగా వేసింది. పరంజా మీద అలవాటట. ‘బరువు నెత్తికి తెలవదయ్యా, పిక్కలకి తెలుస్తది. ఎనకాలదాని ఊపిరి ఇనపడుతుంటే ఆగొద్దు, ఆగితే అది పడుద్ది’ అంది. పదహారు పేజీలూ అక్కడే చింపేశాను. ఆవిడ చెప్పినదాంట్లో సగం నా చెవికి ఎక్కలేదు, రాసుకోవడానికి సిగ్గుపడి కాగితం తియ్యలేదు. నువ్వు ఆ తప్పు చెయ్యకు. ఫోనుంది కదా, అడిగి రికార్డు చేసుకో.

అంకెల సంగతి. అవి వద్దనడం లేదు. ప్రతి అంకెనీ ‘దేనికి?’ అని అడుగు. సాగర్ డ్యామ్ పొడవు 1,450 మీటర్లని ఒకచోట, దాదాపు అయిదు కిలోమీటర్లని ఇంకోచోట చదువుతావు. రెండూ నిజమే. మొదటిది రాతికట్టడం, రెండోది అటూఇటూ మట్టికట్టలు కలిపి. టీఎంసీ అనే మాట రోజూ పేపర్లో చూస్తాం. వందకోట్ల ఘనపుటడుగులంటే ఎవరి కళ్లకి కనపడుతుంది? క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు; రోజంతా 11,574 క్యూసెక్కులు పారితే ఒక టీఎంసీ అను, వరద రోజుల్లో క్యూసెక్కుల వార్తలు చదివేవాళ్లకి వెంటనే పట్టు దొరుకుతుంది. 124 మీటర్లంటే తాటిచెట్టు మీద తాటిచెట్టు, ఆరు పేర్చు. చీనాబ్ వంతెన ఈఫిల్ టవర్ కంటే ఎత్తు అనే పోలిక మాత్రం తీసెయ్. లోయ మీంచి కొలిచిన ఎత్తునీ నేల మీంచి లేచిన గోపురం ఎత్తునీ పోలిస్తే ఎవరికేం తెలుస్తుంది?

చీనాబ్ అన్నాను కనక ఒక్క మాట. నీ వ్యాసంలో ఆ ఉపశీర్షిక ‘అసాధ్యాన్ని సుసాధ్యం చేసిన తెలుగు బిడ్డ’. ప్రొఫెసర్ మాధవీలత మన ప్రకాశం జిల్లా అమ్మాయే, గర్వంగానే ఉంటుంది. బెంగళూరు ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో పాఠాలు చెప్తూ పదిహేడేళ్లు ఆ పనికి సలహాదారుగా ఉన్నారు. అయితే 2025 జూన్‌లో వంతెన మొదలయ్యాక పత్రికలన్నీ నీలాగే రాస్తే, ఆవిడ ఏమన్నారో చదివావా? అసాధ్యాన్ని సాధ్యం చేశారు, అద్భుతాలు చేశారు అనే మాటలకి ఆధారం లేదని, మెచ్చుకోవలసిన వేలమందిలో తను ఒకరని, అనవసరంగా తనకి పేరు తెచ్చిపెట్టవద్దని. మరి ఆవిడ చేసిన పని ఏమిటి? వంతెన కాళ్లు మోపే కొండవాలు నిలుస్తుందా అని చూడటం, నిలవకపోతే నిలిపే దారి చెప్పడం. ఆ కొండ తవ్వుతుంటే పైనుంచి కనపడని పగుళ్లు, బొరియలు బయటపడ్డాయి. ముందు గీసుకున్న డిజైన్‌నే పట్టుకు వేలాడకుండా, కొండ చూపించినదాన్ని బట్టి మార్చుకుంటూ పోయారు. అదే ఆవిడ రాసిన పరిశోధనా పత్రానికి విషయం కూడా. ‘తెలుగు బిడ్డ’ శీర్షిక కింద నువ్వు రాయకుండా వదిలేసింది సరిగ్గా ఈ భాగమే. ఆ పదిలో ఒకటి ఉంచుకోమన్నాను కదా, నన్నడిగితే ఇది ఉంచుకుంటాను. అదిగో, చెప్పనంటూనే చెప్పేశాను.

నీ కాగితాలు ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. ‘అద్భుతం’ అన్న ప్రతిచోటా సున్నా చుట్టాను, పద్నాలుగు తేలాయి. రోబ్లింగ్ పేరా పక్కన టిక్కు పెట్టాను, అందులో తండ్రి చావు బాగా రాశావు. కొవ్వొత్తి ఒక్కటీ చేర్చు.

వేసవిలో ఒకసారి రా. రాజమండ్రిలో దిగి ఫోన్ చెయ్యి, ధవళేశ్వరం ఆటోలో వెళ్దాం. కాటన్ మ్యూజియం చూశాక, నీళ్లు తగ్గి ఉంటే నదిలోకి నడుద్దాం. మంచి చెప్పులు వేసుకురా, పదిదాటితే ఇసుక మాడ్చేస్తుంది.

మీ అన్నయ్య