ఆన్‌లైన్‌లో కొన్న బ్రేక్ ప్యాడ్లు డూప్లికేట్ అని తేలితే?

ప్రశ్న: లాయరు గారూ, మాది గాజువాక. మా కారుకు ఆన్‌లైన్‌లో 'ఒరిజినల్' అని ఉన్న బ్రేక్ ప్యాడ్లు 2,100 రూపాయలకు కొన్నాను. సింహాచలం కొండ దిగుతుంటే ఒకటే కీచు శబ్దం, బ్రేకు తొక్కినా బండి వెంటనే ఆగడం లేదు. ఆటోనగర్ మెకానిక్ చూసి డూప్లికేట్ అన్నాడు. రిటర్న్ గడువు దాటిందని, అమ్మింది తాము కాదని వెబ్‌సైట్ వాళ్లు అంటున్నారు. కేసులేమైనా ఉంటే బెంగళూరు కోర్టులోనేనని వాళ్ల షరతుల్లో ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ ప్యాడ్లు తీయించి మంచివి వేయించుకోండి. కేసు సంగతి తర్వాత. తీసినవాటిని మాత్రం పారేయొద్దు, డబ్బా, బిల్లు, కొరియర్ కవరుతో సహా దాచండి. ఆ వెబ్‌సైట్ పేజీని ఇవాళే స్క్రీన్‌షాట్ తీసుకోండి, అలాంటి పేజీలు రాత్రికి రాత్రే మాయమవుతాయి.

ఆ పేజీలో ఏం రాశారన్నది చాలా ముఖ్యం. 'మీ కారుకు సరిపోతుంది' అని వేరే కంపెనీ తన సొంత పేరుతో అమ్మితే అది నకిలీ కాదు, చట్టబద్ధమైన వ్యాపారమే. నాసిరకం అయితే గొడవ నాణ్యత మీద నడుస్తుంది. కారు కంపెనీదో, ఇంకో బ్రాండుదో పేరు, లోగో దొంగతనంగా వేసి అమ్మితేనే నకిలీ. డబ్బా మీది పార్ట్ నంబరు, ప్యాడ్ వెనక ఇనుప పలక మీది నంబరు ఒకటేనా? తయారీదారు చిరునామా, తయారైన నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ ఉన్నాయా? ఎంఆర్‌పీ మీద ఇంకో స్టిక్కర్ అంటించారా? ఇవి చూసి, అధీకృత సర్వీస్ సెంటర్ నుంచి 'ఇది మా సరుకు కాదు' అని రాతపూర్వకంగా తీసుకోండి. మెకానిక్ నోటిమాట వినియోగదారుల కమిషన్ ముందు నిలవడం కష్టం.

బెంగళూరు షరతు చూసి టెన్షన్ పడకండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయొచ్చు. అంటే విశాఖ జిల్లా కమిషన్‌లోనే. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, లాయరును పెట్టుకోవాలన్న నియమమూ లేదు (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నా). గడువు 2 ఏళ్లు.

అంతకు ముందు వెబ్‌సైట్ గ్రీవెన్స్ ఆఫీసరుకు (ఫిర్యాదులు చూసే అధికారికి) మెయిల్ పెట్టండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అమ్మకందారు వివరాలు కూడా రాతపూర్వకంగా అడగండి, ఇచ్చి తీరాలి. నకిలీ సరుకును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ ఫోన్ చేయండి, చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. సరుకు వెనక్కి పంపమంటే ఫొటోలు, వీడియో తీయకుండా పంపకండి.

అక్కడ తేలకపోతే కమిషన్‌లో వెబ్‌సైట్‌ను, అమ్మకందారును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి ధర, మెకానిక్ కూలి, పరిహారం, ఖర్చులు అడగండి. అవసరమైతే కమిషనే సరుకును ల్యాబ్‌కు పంపుతుంది.

పోలీసు కేసు కూడా పెట్టొచ్చు. కానీ 2,100 రూపాయల కోసం స్టేషన్ చుట్టూ తిరగమని నేను చెప్పను. ఆ కారు కంపెనీకి ఫొటోలతో ఒక మెయిల్ కొట్టండి. తమ ట్రేడ్‌మార్కు దొంగిలించిన వాడి మీద మీకంటే వాళ్లకే ఎక్కువ కోపం ఉంటుంది.