ఉపవాసానికి నోబెల్ రాలేదు

ప్రశ్న: ఉపవాసం చేస్తే మన కణాలు తమలోని చెత్తను తామే తినేస్తాయనీ, దానివల్ల ముసలితనం వెనక్కి పోయి జబ్బులు నయమవుతాయనీ, ఈ సంగతి కనిపెట్టినందుకే ఒక జపాన్ శాస్త్రవేత్తకు నోబెల్ వచ్చిందనీ చెబుతున్నారు. ఇందులో నిజమెంత?

జవాబు: శాస్త్రవేత్త నిజం, బహుమతి నిజం, ఉపవాసంతో పెట్టిన ముడి మాత్రం తర్వాత ఎవరో వేసింది. యోషినోరి ఓసుమికి 2016లో వైద్యశాస్త్రంలో నోబెల్ ఇచ్చింది, కణం తన భాగాలను తానే జీర్ణం చేసుకుని ఆ ముడిసరుకును మళ్లీ వాడుకునే యంత్రాంగాన్ని వివరించినందుకు. ఆయన ఆ యంత్రాంగాన్ని పట్టుకున్నది మనుషుల్లో కాదు, పిండి పులియడానికి వాడే ఈస్ట్‌లో.

ఈ ప్రక్రియకు ఆటోఫేజీ అని 1963లో పేరు పెట్టినవాడు బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డ్యూవ్. గ్రీకులో ఆ మాటకు తన్ను తాను తినడమని అర్థం. కణంలోని జీర్ణాశయం వంటి లైసోజోమ్‌ను అంతకుముందే కనుగొన్నది కూడా ఆయనే. అయితే ఈ పనిని ఏ జన్యువులు నడిపిస్తాయన్నది ఆ తర్వాత దాదాపు మూడు దశాబ్దాల పాటు తేలలేదు.

ఓసుమి 1988లో, నలభై మూడేళ్ల వయసులో, టోక్యో విశ్వవిద్యాలయంలో సొంతంగా ఒక చిన్న ప్రయోగశాల మొదలుపెట్టారు. ఈస్ట్ కణంలో లైసోజోమ్ పని చేసే వాక్యుయోల్ అనే సంచి మామూలు సూక్ష్మదర్శినికి అందేంత పెద్దది. చిక్కల్లా, అందులో పడినది క్షణాల్లో అరిగిపోతే చూడడానికి ఏమీ మిగలదు. అందుకని ఆయన అరిగించే ఎంజైములు లేని ఈస్ట్‌ను తీసుకుని, దానికి నత్రజని అందకుండా పస్తు పెట్టారు. తూము మూసేస్తే తొట్టి నిండినట్టు, కొద్ది గంటల్లోనే ఆ సంచి, అరిగించడానికి కణం తెచ్చివేసిన భాగాలున్న చిన్న చిన్న బుడగలతో నిండిపోయింది. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పెద్ద సంగతి బయటపడడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. ఆ తర్వాత ఈస్ట్ జన్యువులను యాదృచ్ఛికంగా దెబ్బతీసి, బుడగలు ఏర్పడని కణాలను ఏరి, 1993 నాటికి ఈ పనికి అవసరమైన జన్యువులను పదిహేను దాకా గుర్తించారు. వాటిలో చాలావాటికి సాటి జన్యువులు మనిషిలోనూ ఉన్నాయి.

వృద్ధాప్యానికి సంబంధం ఇక్కడే మొదలవుతుంది. విభజన చెందే కణం తనలోని చెత్తను రెండు పిల్లకణాలకు పంచి పలుచన చేసుకుంటుంది. జీవితాంతం అలాగే ఉండిపోయే నాడీకణానికి ఆ వెసులుబాటు లేదు. 2006లో ఎలుకల మెదడు కణాల్లో మాత్రమే ఆటోఫేజీకి అవసరమైన ఈ జన్యువుల్లో ఒకదాన్ని తొలగించి చూస్తే, వేరే ఏ జబ్బు జన్యువూ లేకుండానే ఆ కణాల్లో ప్రోటీన్ ముద్దలు పేరుకుని, ఎలుకల కదలికలు దెబ్బతిన్నాయి. వంశపారంపర్యంగా వచ్చే కొన్ని రకాల పార్కిన్‌సన్స్ వ్యాధిలో చెడిపోయే పింక్1, పార్కిన్ జన్యువులు కూడా కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో పాడైనవాటిని ఏరివేయడానికి తోడ్పడేవే. దీర్ఘకాలం బతికే ఒక రకం నులిపురుగుల్లో ఆటోఫేజీని ఆపితే, వాటికి అదనంగా దక్కిన ఆయుష్షు పోయిందని 2003లో బెత్ లెవైన్ బృందం చూపింది.

అలాగని ఇది ఎంత ఎక్కువైతే అంత మేలు అనుకోవడం సరికాదు. క్యాన్సర్ పుట్టకుండా అడ్డుపడే ఈ ప్రక్రియే, కణితి ఒకసారి ఎదిగాక, పోషకాలు కరువైనచోట దాన్ని బతికించగలదు. అందుకే క్యాన్సర్ విషయంలో దీన్ని అడ్డుకునే మందులను కూడా పరీక్షించారు.

ప్రశ్న: అయితే ఎన్ని గంటలు తినకుండా ఉంటే ఇది మొదలవుతుంది?

జవాబు: మొదలవడమనే మాటే సరికాదు, అది మీరు భోంచేసిన వెంటనే కూడా కొద్ది స్థాయిలో నడుస్తూనే ఉంటుంది, ఆహారం అందనప్పుడు జోరందుకుంటుంది. బతికి ఉన్న మనిషి అవయవాల్లో దాని వేగాన్ని కొలవడం కష్టం కనుక, పదహారు గంటలనో ఇరవై నాలుగు గంటలనో గిరి గీసి చెప్పేవారి మాటకు గట్టి ఆధారం లేదు. ఎలుకను ఒక రోజు పస్తు ఉంచడం, దాని ఒంటి పరిమాణాన్ని బట్టి చూస్తే, మనిషిని ఒక రోజు పస్తు ఉంచడం కంటే చాలా తీవ్రమైనది. కాబట్టి ఎలుకల్లో చూసిన గంటలను మనకు అన్వయించడం కుదరదు. మీరు మధుమేహానికి ఇన్సులిన్ గానీ, చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడుతుంటే, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు గనుక, వైద్యుణ్ణి అడగకుండా భోజనం మానకండి.